నాలుగు రకాల బియ్యం

అనుమానం నాతోనే పుట్టింది. చర్చికి కొత్తగా వచ్చినవాళ్లు కాస్త ఎక్కువ నవ్వితే చాలు, వీళ్లకేం కావాలో అని ఆరా తీస్తాను. మా అమ్మ డిచ్‌పల్లి మిషన్ ఆస్పత్రిలో కుష్టు రోగులకు కట్లు కట్టేది. ఆమె కడుపున పుట్టి నేనిలా ఎందుకయ్యానో దేవుడికే తెలియాలి.

బోధన్‌లో మా చర్చి స్త్రీల సమాజానికి పిడికెడు బియ్యం చూసుకునేది నేనే. అందరూ రోజూ వండేముందు ఒక పిడికెడు పక్కన తీసి, ఆదివారం సంచిలో తెస్తారు. అవి గడవని ఇళ్లకు వెళ్తాయి. సంచులు డబ్బాలో వంపడమే నా పని. అయినా ఒక్కొక్కటీ విప్పి చూస్తాను.

ఆ సంచులు తెచ్చేవాళ్లలో ఒకామె చర్చిలో చేరి ఏడాది కాలేదు. మూడిళ్లలో వంట చేసే ఒంటరి మనిషి. రేకుల ఇల్లు, మోకాళ్ల నొప్పులు. ప్రతి ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరిముందూ చెప్పుకునే సాక్ష్యానికి లేచి, “ఈ వారం నా ప్రభువు మస్తు సంతోషమిచ్చిండు” అనేది. ఏమిచ్చాడో మాత్రం చెప్పేది కాదు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం ఆమె సంచి చేతికి బరువుగా తగిలింది. ఒక్క మనిషి వండుకునే ఇంట్లో ఇన్ని మిగులుతాయా? విప్పి చూస్తే సన్నవి, దొడ్డువి, పాతవి, కొత్తవి కలగలిసి ఉన్నాయి. ఇంకేం కావాలి? వండే ఇళ్లలో చేతివాటం చూపిస్తోందని తేల్చేశాను. వెంటనే పాస్టరమ్మ చెవిన వేశాను.

“ఆ మూడిండ్లకు చెప్పాలె. చర్చి పేరు పోతది.”

“పని పోతే ఆమె ఎట్ల బతుకుతదక్కా? వచ్చే ఆదివారం దాక ఆగు” అంది పాస్టరమ్మ.

ఆగడం నా వల్ల కాలేదు. శనివారం సాయంత్రం ఆమె పని చేసే వీధికి వెళ్లి, ఆగి ఉన్న చెరకు ట్రాక్టర్ చాటున నిలబడ్డాను. ఈ వయసులో దొంగను పట్టే సరదా!

ఆమె సంచితో వచ్చి మొదటి గుమ్మం ముందు ఆగింది. “వదినా, ఇయ్యాల నీ సంతోషమేంది?”

“కోడలు మాట్లాడింది. నెలైంది మాటల్లేక” అంటూ ఆ ఇంటావిడ పిడికెడు బియ్యం సంచిలో పోసింది. ఆవిడ నుదుట ఇంత బొట్టుంది, మా చర్చి మనిషి కాదు. పక్కింట్లో ఈసారి పసుపు పంట మంచి రంగు తిరిగిందట. మరో పిడికెడు. ఆమె వంట చేసే మూడిళ్లలో చివరిది, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఇల్లు. ఆ ఇంటావిడ దోసిలితో పోస్తూ నన్ను చూసేసింది.

“మీరూ చర్చివాళ్లేగా? రోజూ ఏదో ఒక సంతోషం చెబితేగానీ సంచి పట్టదండీ ఈవిడ. ఈమె అడగకపోతే మంచి జరిగిన సంగతే గుర్తుండదు మాకు.”

ఆమె ఆదివారం చెప్పే సంతోషాలు ఈ ఇళ్లవన్నమాట. ఇంటి గుట్టు కాబట్టి విప్పేది కాదు. సిగ్గుతో నా తల వంగిపోయింది.

“అక్కా, నువ్వా! నీకేం సంతోషమైంది ఇయ్యాల?” ఆమె సంచి చాపింది.

పొద్దుటినుంచి జరిగినవన్నీ తలచుకున్నాను. వెతికినా ఒక్కటీ దొరకలేదు. “ఏం కాలే” అన్నాను.

“గట్లయితే మళ్లడుగుత” అని నవ్వి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి నా సంచి విప్పాను. అన్నీ ఒకే రకం. రోజూ పిడికెడు తీయడం ఎప్పుడో మానేశాను. శనివారం రాగానే బస్తాలోంచి ఒక గిన్నెడు వంచేస్తాను. నా సంచి విప్పి చూసేవాళ్లు లేరుగా.

ఆదివారం ఆ సంచి పాస్టరమ్మ ముందు విప్పి పెట్టాను. “ఆమెను ఏమనకు. మోసం చేస్తున్నది నేను” అని అంతా చెప్పాను. తనను అనుమానించిన సంగతి ఆ వంటామెకు కూడా చెప్పుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

ఆ పూట మనసు తేలికైంది. అది సంతోషమేనా అని దానిమీదా అనుమానమే నాకు. మర్నాడు ఆమె మా గుమ్మంలోకి వచ్చి అడిగితే, ఆ మాటే చెప్పి పిడికెడు పోశాను.