మూడు తెరల మీద చుక్కలు

త్సోన్కా పిన్ని చేతుల మీదుగా వెళ్ళని మనిషి మా లోవెచ్ ఊళ్ళో అరుదు. మనిషి పోయిన నలభయ్యో రోజుకి, ఆర్నెల్లకి, ఏడాదికి ఫోటోతో శ్రద్ధాంజలి పత్రం అచ్చు వేయించి తలుపులకీ, స్తంభాలకీ, బస్టాపుకీ అంటిస్తాం. ఆ పత్రాల్లో సగానికి పైగా ఆవిడ తయారుచేసినవే. ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో అక్షరాలు కూర్చింది. ప్రెస్సు మూతపడ్డాక ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుంది.

జనం తెచ్చే ఫోటోలు చూడాలి. పెళ్ళి గుంపులోంచి కత్తిరించిన ముఖం ఒకటి, పర్సులో నలిగి నాలుగు మడతలు పడింది ఇంకొకటి. గీతలూ మరకలూ ఒక్కొక్కటే తుడిచి, పోయినవాళ్ళను బతికున్నప్పటికంటే కాస్త అందంగానే చూపిస్తుంది. ఆవిడకు అరవై ఏడేళ్ళు. షుగరుంది. ఏడాదికోసారి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, చూపు పోతుందేమోనని భయపడుతూ తిరిగొస్తుంది.

నా పేరు లాచెజార్. రైల్వే స్టేషను వెనక కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నాది. ఫిబ్రవరిలో ఒకరోజు ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది.

"ఒరేయ్ లాచో, నాకు మూడు తెరలు కావాలిరా. ఒకదాని మీద ఫోటో పెద్దగా, ఒకదాని మీద పత్రం, ఇంకోదాని మీద పేర్లూ తేదీలూ. ఇది మూసి అది తెరవలేక చస్తున్నా."

"మీ కంప్యూటర్లో తెరలను నడిపే పాత కార్డు రెండిటికే పిన్నీ. అది మార్చాలి."

"సరే, వెనకాల మూడు కంతలున్నది చూసి పెట్టు."

"మూడు కంతలుంటే మూడు తెరలూ వెలుగుతాయని ఎవరు చెప్పారు? కొన్నిటికి కంతలు మూడున్నా ఒకేసారి రెండే పనిచేస్తాయి."

"మా ఆయనకీ చెవులు రెండుండేవి. ఒక్కటీ పనిచేసేది కాదు. నాకివన్నీ ఎందుకురా? నీ ఇంట్లో పెట్టుకున్నట్టే చూసి పెట్టు."

ఆ ఆఖరి మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆవిడకు ఏది సరిపోతుందో నాకు బాగా తెలుసు. ఆటలాడే కుర్రాళ్ళు ఎగబడే పెద్ద గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మూడు తెరలనూ ఒకేసారి నడిపే చిన్న కార్డు, ఫ్యాను కూడా లేనిది, రాజధాని సోఫియా నుంచి తెప్పిస్తే వారంలో వచ్చేది. కానీ నా బావమరిది ప్లామెన్ ఏడాదిన్నర పాటు గ్యారేజీలో రేయింబవళ్ళు బిట్‌కాయిన్ లాంటివేవో తవ్వి, పిప్పి చేసి వదిలేసిన కార్డులు పన్నెండు నా కొట్లో పడి ఉన్నాయి. వాటిని వదిలించే బాధ్యత నాదని మా ఆవిడ ముందు గొప్పలు పోయాను. ఒకదాన్ని శుభ్రంగా తుడిచి, "బంగారంలాంటి కార్డు పిన్నీ" అంటూ బిగించి వచ్చాను. అరగంట పరీక్షించాను. బాగానే వెలిగింది. అలా వాడిన కార్డును వేడెక్కేదాకా రెండు మూడు గంటలు నడిపి చూడాలి. నేను చూడలేదు.

మే నెలలో మా అమ్మ పోయిన ఏడాది రోజు వచ్చింది. ముందురోజు పత్రం కోసం వాళ్ళింటికి వెళ్ళాను. పై అంతస్తులో ఉండే వెలిచ్కా వంటింట్లో కాఫీ తాగుతోంది. గదిలో పిన్ని మూడు తెరల ముందు వంగి కూర్చుంది. మధ్య తెర నిండా మా అమ్మ ముఖం. ఆ ముఖం మీద, పక్క తెరల మీద కూడా, ఎవరో చల్లినట్టు సన్నని చుక్కలు.

చూడగానే అర్థమైంది. కార్డు చచ్చిపోతోంది.

"లాచో, నిజం చెప్పు. నీకేమైనా చుక్కలు కనబడుతున్నాయా?" అంది పిన్ని. "రెండు గంటలు కూర్చున్నానంటే చాలు, మొదలవుతాయి. అదే అచ్చు తీస్తే కాగితం మీద ఒక్కటీ ఉండదు. తప్పు మిషన్‌దైతే కాగితం మీద కూడా రావాలి కదరా?"

అది ప్రెస్సు మనిషి మాత్రమే చేసే పొరపాటు. జీవితమంతా కాగితం చెప్పిందే ఆవిడకు ఆఖరి మాట. పాడైన కార్డు తెరను మాత్రమే పాడుచేస్తుంది, కాగితానికి వెళ్ళే బొమ్మను ముట్టుకోదు. ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ వంటింట్లో వెలిచ్కా ఉంది. సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. వచ్చేవారం దుమ్ము దులిపే వంకతో వచ్చి, చప్పుడు చెయ్యకుండా కొత్త కార్డు మార్చేద్దామనుకున్నాను.

"నాకేమీ కనబడటం లేదు పిన్నీ."

"మీ అమ్మ చెంప మీద?"

"ఏం లేవు. బాగుంది. కాగితం మీద నమూనా తియ్యక్కర్లేదు, అచ్చు నేనే బయట వేయిస్తాను, ఇచ్చెయ్యండి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి చేతిరుమాలుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "అయితే నా కళ్ళేనన్నమాట" అంది మెల్లగా. నేను అక్కడినుంచి పారిపోయినంత పనిచేశాను.

అచ్చయిన పత్రాలు చేతికొచ్చాక చూశాను. అమ్మ చెంప మీద మూడు మచ్చలు. అవి కార్డువి కావు, పాత ఫోటోలోనే ఉన్నవి. పిన్ని వాటిని చూసే ఉంటుంది. ఏం లేవని నేనన్నాక, అవి కూడా తన కళ్ళలోవే అనుకుని వదిలేసింది. వెనక్కి వెళ్తే అరగంటలో బాగుచేసేది. వెళ్తే నిజం చెప్పాలి. అందుకే అలాగే తీసుకెళ్ళి అంటించాను, కన్నతల్లి ముఖాన్ని.

మర్నాడు అమ్మ పేరున పంచడానికి ఉడికించిన గోధుమలు డబ్బాల్లో సర్దుతుంటే పిన్ని మా గుమ్మంలోకి వచ్చింది. రొట్టె కోసం వెళ్తూ తన వాకిట్లోనే పత్రం చూసిందట.

"నన్ను క్షమించు నాయనా. వేలితో రుద్ది చూశాను, పోలేదు. మీ అమ్మ ముఖం పాడుచేశాను. ఇన్నేళ్ళలో ఒక్కటీ పాడుచెయ్యలేదు."

"పర్వాలేదు పిన్నీ" అన్నాను. సిగ్గులేకుండా, పెద్ద మనసున్నవాడిలా అన్నాను.

ఆ రోజుతో ఆవిడ పని మానేసింది. తెరల మీద దుప్పటి కప్పింది. "పాపం, త్సోన్కా కళ్ళు పోయాయట" అని బజార్లో అనుకున్నారు. మా వీధి తలుపుల మీది పత్రాలను ఎవరూ పీకరు, వాన తడిపి ఎండ మాడ్చి అవే రాలాలి. పొద్దున్నే కొట్టుకి వెళ్తుంటే ప్రతి తలుపు మీదా అమ్మ ఆ మూడు మచ్చలతో నన్నే చూసేది. పదకొండు రోజులు దారి మార్చి నడిచాను. పన్నెండో రోజు సోఫియా నుంచి తెప్పించిన చిన్న కార్డు పట్టుకుని పిన్ని తలుపు కొట్టాను.

బిగించాను. మూడు తెరలూ వెలిగించి, ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. గంట, రెండు, మూడు. ఒక్క చుక్క రాలేదు. అప్పుడు మొత్తం చెప్పాను, ప్లామెన్ గ్యారేజీతో సహా.

"అంటే నా కళ్ళు బాగున్నాయా?"

"బాగున్నాయి పిన్నీ."

చేతిరుమాలుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. తరవాత అడిగింది, "ఆ రోజు నీకు చుక్కలు కనబడ్డాయా?"

"కనబడ్డాయి."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఆవిడ మా అమ్మ ఫోటో తెరిచి, మూడు మచ్చలూ తుడవడం మొదలుపెట్టింది. మళ్ళీ అచ్చు వేసి, పాతవాటి మీద అంటించడానికి. చాలాసేపు చేసింది. చివరికి వెనక్కి జరిగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, మెట్ల వైపు తిరిగి కేకేసింది.

"వెలిచ్కా! ఒక్కసారి కిందికి రావే. ఈ చెంప మీద ఇంకా ఏమైనా ఉన్నాయేమో చూసి చెప్పు."

నేను ఆవిడ పక్కనే, తెరకి జానెడు దూరంలో కూర్చుని ఉన్నాను.