కాల్చమన్న రాళ్ళ పుస్తకం

కువైట్‌లో, ఖైతాన్ అనే పేటలో ఒక ఇండియన్ స్కూల్లో నేను ఆయాను, మా ఆయన వాచ్‌మన్. గేటు పక్కన రూములోనే కాపురం. బుధవారం వచ్చిందంటే నాకు చిరాకు. రాళ్ళ క్లబ్బు వాళ్ళొచ్చి ల్యాబంతా మన్ను చేసి పోయేవాళ్ళు, ఊడ్చేది నేను గదా.

క్లబ్బంటే ఆరేడుమంది. ఆయిల్ కంపెనీలో పనిచేసేవాళ్ళు, ఒకరిద్దరు టీచర్లు. అందరూ రాళ్ళ పిచ్చోళ్ళే. మా స్కూల్లో భూమి గురించి పాఠమంటే పుస్తకంలో బొమ్మే, రాయిని చేత్తో పట్టి చూసిన పిల్ల లేదు. వీళ్ళు ఒక రాయి మీద వెనిగర్ చుక్క వేసి బుసబుస పొంగేది చూపిచ్చేవాళ్ళు. ఇంకో రాయిని పెంకు మీద గీసి ఏం రంగు పడిందో చెప్పమనేవాళ్ళు. ఒకసారి పిల్లల్ని బస్సులో ఉత్తరాన గుట్టల్లోకి తీసుకపోయి, ఎడారిలో సముద్రపు గవ్వలు ఏరిపిచ్చినారు. సాయంత్రం పిల్లలు బస్సెక్కేది లేదని మొండికేసినారు. అది చూసినాక నా చిరాకు పోయింది.

క్లబ్బుకు పెద్ద ఒక కువైటీ ముసలాయన. ఉద్యోగం నుంచి దిగిపోయినాడు. వాళ్ళ నాయన బొంబాయిలో ఖర్జూరాల వ్యాపారం చేసినాడంట, హిందీ నాకంటే బాగా మాట్లాడేవాడు. ఆయన్ని నేను సారూ అనేదాన్ని, ఆయన నన్ను బేటీ అనేవాడు. స్కూలుకు ఒక బీరువా నిండా రాళ్ళిచ్చి, అన్నిటికీ నంబర్లేసినాడు. ఒక లావు పుస్తకంలో ఒక్కో రాయికి ఒక్కో పేజీ. యాడ దొరికింది, ఎవరు తెచ్చినారు, పక్కనే చేత్తో గీసిన మ్యాపు. బీరువా తాళం నా దగ్గరే.

ఒకసారి లీవు నుంచి వస్తా మా మంగంపేట ముగ్గురాయి గడ్డ ఒకటి తెచ్చిచ్చినా, తమాషాకే. మేము దాన్ని పొడి చేసి వాకిట్లో ముగ్గేసుకుంటాం. ఆయన చేతిలో బరువు చూసి ఎగిరి గంతేసినంత పని చేసినాడు. నన్ను క్లాసులో నిలబెట్టి, "ఆయిల్ బావి తవ్వేటప్పుడు బురదలో ఈ పొడే కలుపుతారు. దీని బరువుకే లోపలి గ్యాసు ఎగజిమ్మకుండా అణిగి ఉంటది. మా బావులకు ఈమె ఊరి రాయి కావాల" అన్యాడు. పొరక పట్టుకున్న నాకు పిల్లలు చప్పట్లు కొట్టినారబ్బా! పుస్తకంలో నా పేరు రాసినాడు, అరబ్బీలో, ఇంగ్లీషులో. రెండూ నాకు చదవను రాదు. అయినా దుమ్ము తుడిచినప్పుడల్లా ఆ పేజీ తీసి చూసుకునేదాన్ని.

తొంభైలో, ఆగస్టులో, ఇరాకోళ్ళు కువైట్ మీద వచ్చి పడినారు. స్కూలుకు సెలవులు. వారం దాటినాక సారు వచ్చినాడు. మాసిన బట్టలు, పెరిగిన గడ్డం, మా ఆయన గుర్తే పట్టలేదు.

"బేటీ, ఆ పుస్తకం కాల్చెయ్. రాళ్ళను ఎవరూ ఎత్తుకపోరు. మ్యాపుల్లో బావులున్నాయి, రోడ్లున్నాయి. మొదటి పేజీలో నా పేరు, ఇంటి అడ్రసు. వాళ్ళ కంట పడితే నన్ను గూఢచారి అంటారు. నేను మోసుకపోతే దారిలో తనిఖీలో దొరికిపోతా. అన్నం వండేటప్పుడు పొయ్యిలో నాలుగు నాలుగు పేజీలు వెయ్యి, ఎవరికీ అనుమానం రాదు."

గ్యాసు అయిపోయి పెరట్లో కట్టెల మీద వండుతాన్నా అప్పుడు. సారుకు ఇంట్లో మంచం పట్టిన భార్య. కొడుకు ఎడారి దారిన సౌదీకి పోతాండాడు, నాయన్నూ రమ్మంటాండాడు. ఆమెను ఆ దారిన తీసుకపోలేరు. పుస్తకం కాలిపోతే ఆయన ఆమె దగ్గరే ఉంటాడు, లేకుంటే వదిలి పోవాల్సిందే.

పొయ్యి ముందర కూచొని నా పేజీ తెరిచినా. చేతులాడలే. పాస్‌పోర్టులో తప్ప ఈ భూమ్మీద నా పేరు ఇంకెక్కడ రాసిపెట్టినారు? రేపు కాలుద్దాంలే అని పుస్తకాన్ని బియ్యం సంచిలో దాచినా. రేపు కాస్తా ఎల్లుండి అయింది. ఆ ఒక్క కాగితం చించుకొని తక్కిందంతా పొయ్యిలో వేసింటే సరిపాయె గదా! ఆ పాటి బుద్ధి నాకెందుకు పుట్టలేదో. థూ, నా బతుకు.

నాలుగో రోజు సారు మళ్ళా వచ్చినాడు.

"కాల్చినావా?"

"కాల్చినా సారూ."

సిగ్గుకు అట్ల వచ్చేసింది నోట్లోంచి. ఆయన గోడకు ఆనుకొని పెద్ద ఊపిరి తీసినాడు. "అయితే నేను యాడికీ పోను. అబ్బాయిని పొమ్మంటా" అన్యాడు. అప్పుడన్నా నిజం చెప్పుండొచ్చు. మా ఆయన తిట్టినాడు, "ముసలాయన నిన్ను నమ్మినాడు, నువ్వు మనిషివేనా" అని. కాలుస్తాలే అని కసిరినా. అట్లే ఇంకో రెండు రోజులు జరిపినా.

బెంచీలు ఎత్తుకపోను సైనికులు వచ్చినారు. తిండి కోసం మా రూములో వెదికి బియ్యం సంచి కుమ్మరిస్తే పుస్తకం పడింది. ఆఫీసరు మొదటి పేజీ చదివినాడు, మ్యాపులు తిప్పినాడు. నన్ను ఒక్క మాట అడగలే. అడగాల్సిన పనేముంది, అంతా రాసే ఉంది. జీపెక్కి పోయినారు.

సారు ఇంటికి చెప్పుల్లేకుండా ఉరికినా. అరగంట దూరం. నేను చేరేసరికి తలుపు బార్లా తెరిచుండె. లోపల మంచం మీద ముసలామె ఒక్కతే, పనిమనిషి ఎప్పుడో పారిపోయింది. ఆయన్ని యాడికి తీసుకపోయినారని అరబ్బీలో నన్నడుగుతాది. నీళ్ళు తాపినా. నువ్వెవరంటే, స్కూలు ఆయాను మామా అన్నా. అక్కడ ఇంటి యజమానురాలిని అట్లే పిలుస్తాం.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "పుస్తకం కాల్చింది నువ్వేనా? ఆయన చెప్పినాడు. నువ్వు కాల్చబట్టే నన్ను వదిలి పోకుండా ఉన్నాడు. అల్లా నిన్ను చల్లగా చూడాల" అనింది.

ఆమె చెల్లెలు వచ్చేదాకా, ఇరవై రోజులు, ఆమెకు అన్నం తినిపిచ్చింది నేనే, ఒళ్ళు తుడిచింది నేనే. తర్వాత మేము ఇండియాకు వచ్చేదానికి జోర్డాన్‌లో అమ్మాన్ పోయే బస్సెక్కినాం. సారు రాలేదు. యుద్ధం అయిపోయినాక కూడా రాలేదని విన్నా. ఆ ఇరవై రోజులూ ముద్ద ముద్దకూ ఆమె నన్ను దీవిస్తానే ఉండె. నేను కాల్చలేదు మామా అని ఒక్కనాడూ చెప్పలేదు నేను.