మందెక్కించుకోవడానికి మట్టిగాజులు

ఆ రోజు దవాఖానలో నా రెండు చేతుల మీద ఎంతమంది పడ్డారంటే, మా వీధిలో బోరు మోటారు ఇరుక్కుపోయినప్పుడు కూడా అంతమంది పడలేదు. ఇద్దరు సిస్టర్లు, మా అత్తమ్మ, మా ఆయన, ఆఖరికి గది ఊడ్చే ఆయమ్మ కూడా. ప్రాణం మీదికి వచ్చిందేమో అనుకునేరు. ప్రాణానికేం కాలేదు, పరువే పోయింది. అది కూడా ఎవరో తీసింది కాదు, నేనే సబ్బు రాసి మరీ పోగొట్టుకున్నాను. మొదటినుంచి చెప్తాను. నవ్వితే నవ్వండి గానీ జాలి మాత్రం పడకండి, నాకది పడదు.

మొయినాబాద్‌లో రోడ్డు పక్కనే నాది చిన్న కుట్టు దుకాణం. పదో తరగతి తప్పి మిషనెక్కాను, మళ్లీ దిగలేదు. మా దగ్గర భూములకు రెక్కలొచ్చిన కాలమది. ఆదివారమొస్తే చాలు, సాఫ్ట్‌వేర్ వాళ్లు కార్లేసుకుని ప్లాట్లు చూడటానికి దిగేవాళ్లు. మా ఆయన శ్రీశైలం బైకు మీద ముందు పోతూ వాళ్లను మోకిల దాకా తిప్పేవాడు. పొలాలమ్మిన ఇళ్లలో పెళ్లంటే జాకెట్టుకు పెళ్లికూతురి కంటే ఎక్కువ అలంకారం చెయ్యాలి. చేతినిండా పని. సరిగ్గా అప్పుడే ఆ చేతులకే కీళ్లవాతం వచ్చింది.

పొద్దున లేచేసరికి నా వేళ్లు అల్లం కొమ్ముల్లా ఉండేవి. కత్తెర పట్టుకుంటే మడవవు, మడిస్తే విడవవు. పెళ్లి జాకెట్లు ఒక్కొక్కటే ఎదురు దుకాణానికి నడిచిపోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. గోలీలు మింగి మింగి విసుగొచ్చాక, పట్నంలో కీళ్ల డాక్టరమ్మ చెప్పింది, "గోలీలతో కాదమ్మా. సెలైన్ లాగా నరంలోకి ఎక్కించే మందుంది, ఇన్ఫ్యూషన్ అంటారు. అది పనిచేస్తే కత్తెర మళ్లీ పట్టొచ్చు." ఆ ఆఖరి మాట తప్ప నాకింకేమీ వినబడలేదు.

మందెక్కించే రోజుకు రెండు రోజుల ముందు అక్కడి సిస్టర్ మా ఆయన సెల్లుకు ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పింది. జలుబు, జ్వరం ఉంటే రావద్దు. ఒంటి మీద గాయముంటే మందు వాయిదా. నీళ్లు బాగా తాగాలి. తిని రావాలి. చేతులు వదులుగా ఉండే బట్టలు వేసుకోవాలి.

ఇక చూడండి నా తయారీ! ఇంజనీరింగ్ కాలేజీ పిల్ల ఒకతి కొలతలివ్వడానికొచ్చి తుమ్మింది. టేపు దాని మెడలోనే వదిలేసి నేను రోడ్డు మీదికి ఉరికాను.

"ఆంటీ, కొలతలు?"

"నువ్వే తీస్కో బిడ్డా! తీస్కొని గక్కడి నుంచే నంబర్లు ఒర్రు!"

ఇంట్లో అత్తమ్మ నా చేతిలోంచి చాకు గుంజుకుంది, సూదులడబ్బా అటక మీద పెట్టింది. వదులు చేతులన్నారు కదా, నేనింకో మెట్టెక్కాను. భుజం నుంచి మోచేతి దాకా టిచ్చు బటన్లు పెట్టి జాకెట్టు కుట్టుకున్నాను, లాగితే టిక్ టిక్ మని చెయ్యంతా విప్పుకునేలా. అటక మీది సూది ఎట్లా దించానో అత్తమ్మకు ఇప్పటికీ తెలియదు, మీరూ చెప్పకండి.

ఇంత తెలివి ఉన్నదాన్ని అక్కడితో ఆగొచ్చు కదా? ఆగలేదు. ఆ గదిలో నా పక్కన సాఫ్ట్‌వేర్ మేడంలు కూర్చుంటారు. వాళ్ల ముందు నేను రోగిష్టిదానిలా బోసి చేతులతో పోవడమా? కీళ్లు వాచినప్పటి నుంచి గాజులు వేసుకోవడం మానేశాను మరి. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, మడవ వేలు లేదు గానీ మణికట్టుకు డజను గాజులు కావాలనిపించింది. ముందురోజు చేవెళ్ల బస్సెక్కాను. అక్కడి గాజుల అవ్వే నాకు పెళ్లి గాజులు తొడిగింది.

"అవ్వా, పచ్చ గాజులెయ్యి. రెండు-నాలుగు సైజు."

అవ్వ నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. "బిడ్డా, గిది రెండు-నాలుగు చెయ్యా? కీళ్లు సూడు, ఎట్లున్నయో. రెండు-ఎనిమిది ఎయ్యనా?"

"ఏందవ్వా గట్లంటవ్! పెండ్లిల నువ్వే ఏసినవ్ గద. నీయంత సన్న చెయ్యి ఎవ్వరికి లేదన్నవ్."

"అన్న. అప్పుడు మీ ఆయనకు నెత్తినిండ ఎంట్రుకలు గూడ ఉండె."

"సబ్బు రాయవ్వా, ఎక్కుతయ్!"

ఎక్కాయి. ఒక్కో గాజు కీలు దాటుతుంటే నాకు పట్టపగలు చుక్కలు కనబడ్డాయి, అయినా పళ్లు బిగబట్టి నవ్వుతూనే ఉన్నాను. చేతికి డజను, రెండు చేతులకూ తొడిగి అవ్వ చేతులు కడుక్కుంది. "ఎక్కించుడు నా పని, దించుడు నీ ఖర్మ," అంది. ఆ మాట అప్పుడు నాకు జోకులాగా వినబడింది.

మర్నాడు అత్తమ్మతో, మా ఆయనతో మెహదీపట్నం బస్సులో దారి పొడుగునా చేతులు ఊపుతూనే ఉన్నాను. దవాఖానలో చల్లటి గది, వాలుకుర్చీలు. నేననుకున్నట్టే పక్క కుర్చీలో పొట్టి జుట్టు సాఫ్ట్‌వేర్ మేడం ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. సిస్టర్ రాగానే టిక్ టిక్ మని జాకెట్టు చెయ్యి విప్పాను.

"అబ్బ, భలే కుట్టుకున్నారమ్మా!" అంది సిస్టర్. ఆ మాటకు నేను కుర్చీలోంచి జానెడు పైకి లేచాను. తర్వాత ఆమె చూపు కిందికి దిగింది. "గాజులన్నీ తీసెయ్యండి. మందెక్కేటప్పుడు చేతులు వాస్తే బిగుసుకుంటాయి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి."

లాగాను. రాలేదు. రాత్రికి రాత్రే కీళ్లు ఇంకాస్త ఉబ్బాయి. సిస్టర్ లాగింది. నేను వచ్చాను గానీ గాజులు రాలేదు.

"అయితే పగలగొడదాం," అందామె.

గాజు తలుపు బయటున్న మా అత్తమ్మకు మామూలుగా పిలిస్తే వినబడదు. ఇది మాత్రం వినబడింది.

"ఏమంటివమ్మా? పలగ్గొడ్తవా? నా కొడుకు గక్కడ బెంచీ మీద గూసోని చాయ్ తాగుతుండు! మొగడు బతికుండంగ గాజులు పలగ్గొడ్తరా ఎవరన్న?"

గోల విని మా ఆయన గ్లాసుతోనే లోపలికొచ్చాడు. "నాకేం కాదు సిస్టర్, పలగ్గొట్టున్రి."

"నువ్వు నోర్మూస్కోరా! నీకేం ఎర్క, సచ్చినోనికి తెలుస్తదా సచ్చిన అని?"

సిస్టర్ తల పట్టుకుంది. "సరే, వద్దులెండి. గాజు గుచ్చుకుని తెగితే ఎట్లాగూ డాక్టరు గారు ఇవాళ మందు వద్దంటారు. ఇంకో డేట్ చూసుకుందామా?"

అప్పటిదాకా నాకది తమాషాగానే ఉంది. డేటనగానే తమాషా పోయింది. నేనింకో డేటు కోసం కూర్చుంటే మిగిలిన పెళ్లిళ్లు కూడా ఎదురు దుకాణంలోనే అయిపోతాయి. కత్తెర పట్టే చేతులు రెండడుగుల దూరంలో సీసాలో ఉన్నాయి, అడ్డమేమో నా పొగరు, అదీ పచ్చ రంగులో. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఎవరు తొడుక్కున్న గాజుల్లో వాళ్లే ఇరుక్కుంటారని నాకప్పుడు తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వద్దు సిస్టర్, డేటొద్దు. చెయ్యి ఊడినా మంచిదే, గుంజున్రి."

నేను ఏడిస్తే మా ఆయన చూడలేడు, చూస్తే వ్యాపారం మాట తప్ప ఇంకోటి రాదు. "సిస్టర్, మెయిన్ రోడ్డు జామయితే సర్వీసు రోడ్డుంటది గద. ఏదన్న దారి సూడున్రి. నూనెనో, గ్రీజో..."

అప్పుడు తెప్పించింది సిస్టర్, స్కానింగుకు పొట్ట మీద రాసే జెల్లీ. మోచేతి దాకా పూశారు. ఒక సిస్టర్ బొటనవేలు లోపలికి మడిచింది, ఇంకొకామె గాజు తిప్పింది, మా ఆయన కుర్చీని పట్టుకున్నాడు, ఆయమ్మ చీపురు పడేసి నన్ను పట్టుకుంది. అత్తమ్మ మాత్రం మా బర్రె ఈనినప్పుడు ఎట్లా నిలబడుతుందో అట్లాగే కొంగు బిగించి నిలబడింది.

"ఊపిరి పట్టు బిడ్డా! ఆఁ, తలకాయ ఒచ్చింది, తలకాయ ఒచ్చింది! ఇంకొక్క నూకుడే!"

జారిన మొదటి గాజు ఎగిరిపోయి మా ఆయన చాయ్‌లో పడింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు, మేడం కంప్యూటర్ మూసేసి మరీ కొట్టింది. డజనూ ఊడొచ్చాక సిస్టర్ నా ఎడమ చెయ్యి చూసి నిట్టూర్చింది. "టమాటాలా కమిలింది. దీంట్లో సూది వద్దు. కుడి చెయ్యి పట్టండి."

మళ్లీ మొదటినుంచి. మళ్లీ బర్రె, మళ్లీ తలకాయ.

ఆ తర్వాత బీపీ చూస్తే మిషన్ నాకంటే ఎక్కువ రొప్పింది, కాసేపు కదలకుండా కూర్చోమన్నారు. డాక్టరమ్మ వచ్చి గాయమేమీ కాలేదని చూసి తలూపింది. అంత నొప్పి తర్వాత సూది దోమ కుట్టినట్టు కూడా అనిపించలేదు. మందు చుక్క చుక్కగా దిగడం మొదలైంది. బోసి చెయ్యి చూడలేక అత్తమ్మ నా ఎడమ మణికట్టుకు పసుపు దారం కట్టి, బయటికి పోయి సద్ది విప్పింది. సిస్టర్ గాజులన్నీ తుడిచి ట్రేలో పెట్టి, మేడంకి ఎక్కించే మందు తేవడానికి వెళ్లింది. అమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

"గాజులు చాలా బాగున్నాయండీ," అంది పక్క కుర్చీలోంచి మేడం. "సైజెంత?"

పొగడ్త పడగానే నా నొప్పులన్నీ ఎటుపోయాయో. "రెండు-నాలుగు మేడం. చేవెళ్లల తీస్కున్న."

"నాదీ అదే! కాలేజీ రోజుల నుంచీ అదే సైజు."

చేతి వంక చూడాల్సింది నేను. చూడలేదు. మెచ్చుకునే మనిషి మొహం చూస్తాం గానీ వేళ్లు చూస్తామా? ఆమె ట్రేలోంచి ఒక గాజు తీసింది, పళ్లు బిగబట్టింది, ఒక్క తోపు. ఎక్కింది.

"భలే ఉంది మేడం మీ చేతికి!"

"కదా!" అని మురిసిపోయి, తీయబోయింది. మళ్లీ తీయబోయింది. ఆమె మొహం మారింది. అప్పుడు చూశాను ఆ వేళ్లు. అచ్చం నావే, అల్లం కొమ్ములు.

"మేడం... మీగ్గూడ కీళ్లేనా?" అన్నాను, ఆ గదిలోకి ఇంకెవరైనా ఇంకెందుకైనా వస్తారన్నట్టు.

సరిగ్గా అప్పుడే సిస్టర్ మందు సీసాతో వచ్చింది. మేడం చెయ్యి చూసింది, నన్ను చూసింది, సీసా బల్ల మీద పెట్టి వరండాలోకి ఒక్క కేక వేసింది.

"జెల్లీ!"

తలుపు అవతల సద్ది తింటున్న మా అత్తమ్మ చెయ్యి కడుక్కుని కొంగు బిగించింది. "జరుగున్రి, జరుగున్రి. నేనొస్తున్న."

తర్వాత ఇంకొన్ని సార్లు మందెక్కాక నా చేతులు మెల్లగా దారికొచ్చాయి, కత్తెర కూడా పట్టాను. ఆ కత్తెర మీద చెయ్యి వేసి, పై దేవుణ్ణీ బయట అత్తమ్మనీ సాక్షిగా పెట్టుకుని చెప్తున్నాను: ఇకమీదట నా చేతి సైజు నా పొగరు చెప్పదు, నా వేళ్లే చెప్తాయి. మందెక్కించుకునే గదికి గాజులు వేసుకుని పోను, ఎవరికీ చూపించను. ఖర్మ కాలి ఎవరైనా చూసి సైజు అడిగితే, "మీకు రావు మేడం, ఇవి చిన్నపిల్లలవి," అని అబద్ధమాడైనా సరే ఒక చెయ్యిని కాపాడతాను.