వదిన కత్తికి కోసిన నొక్కు

మా వదిన, అంటే మా పెద్దన్న భార్య, అనకాపల్లిలో చర్చి వాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. అన్న పోయాడు, పిల్లల్లేరు. హాస్టల్లో ఉన్న నలభైమంది ఆకలీ తనదే అనుకుని బతికేది. నేను అదే ఊళ్లో ఒక లేత్ షాపులో ఫిట్టర్ని. చెరుకు గానుగల రోలర్లు, షాఫ్టులు మా దగ్గరికి రిపేరుకి వచ్చేవి.

అది రెండువేల మూడో సంవత్సరమో, నాలుగో, సరిగ్గా గుర్తులేదు. వదినకి మోకాళ్లు పట్టేశాయి. కత్తిపీట ముందు కూర్చుంటే లేవడానికి ఇద్దరు పిల్లలు చెయ్యందించాలి. అందుకని గట్టు దగ్గర నిలబడి చాకుతో తరగడం మొదలుపెట్టింది. బజార్లో దొరికే చాకులు కందదుంప దగ్గరికొచ్చేసరికి వంగిపోయేవి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికొచ్చి అడిగింది.

"మీ షాపులో ఇనప ముక్కలుంటాయి గదా నాయినా, నాకో మంచి కత్తి సేసి పెట్టవా?"

ఇనుము కోసే పవర్ హాక్సా రంపం బ్లేడు విరిగిపోయినదొకటి తీసుకుని, సానబట్టి, టేకు పిడి వేసి, మూడు రివెట్లు కొట్టి ఇచ్చాను. వారం తరవాత ఎలా ఉందో చూద్దామని హాస్టల్‌కి వెళ్లాను. వదిన చూపుడువేలు పిడి దాటి ముందుకొచ్చి, బ్లేడు మొదట్లో ఆని ఉంది. ఆ వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"ఇదేటి వదినా?"

"బొటనేలు కీలు నొప్పి. పిడొక్కటే పట్టుకుంటే కత్తి నా మాట ఇనడం నేదు. ఏలు ముందుకెడితే ఇంటంది. కానీ ఆ మూల గుచ్చుకుంతంది."

పదును మొదలయ్యే మూలని నెలవంకలా కోసేస్తే వేలికి చోటు దొరుకుతుందని నాకు అప్పుడే తోచింది. అలాంటి నొక్కుని ఇంగ్లీషులో ఫింగర్ చాయిల్ అంటారని చాలా ఏళ్ల తరవాత ఒక కేటలాగులో చదివాను. అప్పటికి అది నేనే కనిపెట్టాననుకున్నాను.

కత్తి తీసుకెళ్లి, నొక్కు ఎక్కడ కోయాలో గీసి, షాపులో పెద్ద మెకానిక్కి చూపించాను. వరసేమీ లేకపోయినా బావా అనుకునేవాళ్లం. ఆయన కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నొక్కు మంచిదే బావా, పట్టు దొరుకుతాది. కానీ పదును ఆ మేరకి పోద్ది. ఆకుకూర పీచు అందులో ఇరుక్కుంటాది. అన్నిటికన్నా, ఏలు పదునుకి దగ్గరైపోతాది. నొక్కుకీ పదునుకీ నడుమ మొద్దుగా కొంచెం వదులు. జారినా ఏలు అక్కడాగాలి."

"ఎంత వదలమంటావు?"

"ఏలు మందం వదిలీ."

బ్లేడు అసలే పొడుగు కాదు. నలభైమందికి తరిగే మనిషి, ఉన్న పదును తగ్గించడమెందుకు అనిపించింది. ఆయన చెప్పినదాంట్లో సగమే వదిలాను. ఇనుము కాలి పదును చెడకుండా మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ సానచక్రం మీద నొక్కు కోసి, దాని అంచులు వేలికి ఎక్కడా గీసుకోకుండా ఎమెరీ కాగితంతో రుద్దాను. చేతికిస్తే వదిన వేలు పెట్టి చూసుకుని, "అచ్చు నా ఏలికి కొలత తీసినట్టుంది," అంది.

ఆ తరవాత రెండేళ్లు నిజంగా బాగున్నాయి. క్యాబేజీ దారాల్లా తరిగేది. నేను వెళ్లినప్పుడల్లా ఆ కత్తి గురించి ఒక మాట చెప్పేది. పెద్ద మెకానిక్ అన్నట్టే గోంగూర పీచు నొక్కులో చిక్కుకునేది. తడి నిలిచి తుప్పు పట్టేది. వదిన చీపురుపుల్లతో శుభ్రం చేసి, నూనె చుక్క రాసి పెట్టేది. అవి కష్టాలే కాదన్నట్టు మాట్లాడేది.

ఈలోగా ఆవిడకి సుగరని తేలింది. మాత్రలు వేసుకుంటున్నానంది. ఒకసారి నా కళ్ల ముందే, పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నెని గుడ్డ లేకుండా పట్టుకుని పక్కకి జరిపింది. పిల్లలు నవ్వి, "ఆంటీవి ఇనప సేతులు," అన్నారు. నేనూ నవ్వాను. వేళ్లకి స్పర్శ పోతోందని నాకు తట్టలేదు. రోజూ ఇనుముతో పనిచేసి నాకు అరచేతులు కాయలు కాశాయి, ఆవిడవీ అలాంటివే అనుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం, మర్నాటి కూరకి గుమ్మడికాయ కోస్తోంది. కత్తి తొక్కలో దిగబడిపోతే తడిచేత్తో గట్టిగా అదిమింది. నొక్కులో ఉన్న వేలు నేను వదిలిన ఆ కాస్త మొద్దుభాగాన్ని దాటి పదును మీదికి జారిపోయింది. వదినకి తెలియలేదు. అలాగే కోస్తూ పోయింది. ముక్కలు కడగడానికి వచ్చిన పిల్ల ఎర్రబడ్డ ముక్కలు చూసి కేక పెట్టింది.

పసుపు అద్ది గుడ్డ కట్టుకుంది. మాకు చెప్పలేదు. మళ్లీ ఆదివారానికి చర్చిలో ప్రార్థనకి చేతులు జోడించినప్పుడు మా ఆవిడ ఆ వేలు చూసింది. కొస నల్లబడి ఉంది. మర్నాడే రైలెక్కించి విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండురోజులు చూసి, వేలు మొదటికంటా తీసేశారు.

డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాను. నొక్కు సంగతంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "సుగర్ వల్ల జరిగిందయ్యా ఇది. ఆ చేతితో ఏ కత్తి పట్టినా ఎప్పుడో ఒకప్పుడు తెగేది," అన్నాడు. ఆయన మాట నిజమే కావచ్చు. కానీ ఆ రోజు తెగింది నేను చేసిన కత్తితోనే. వేలి మందం వదలమంటే సగం వదిలింది నేనే.

వదిన మంచం పక్కన కూర్చుని ఆ మాటే చెప్పాను.

"మెకానిక్ బావ ముందే సెప్పేడు వదినా. నేనే ఇనలేదు."

వదిన కట్టుకట్టిన చెయ్యిని ఒళ్లోకి తీసుకుంది.

"ఆ కత్తి లేకపోతే రెండేళ్ల ముందే ఇంట్లో కూకుందును నాయినా. ఆ రెండేళ్లూ పిల్లలకి నా సేత్తో ఒండి పెట్టేను గదా."

నన్ను ఓదార్చడానికే అందని నాకు తెలుసు. తరవాత గోడవైపు తిరిగి పడుకుంది. ఏడ్చిందో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

హాస్టల్ పని మానేసి మా ఇంటికి వచ్చేసింది. కొన్నాళ్లకి బ్యాంకు పనుంటే వెంటబెట్టుకు వెళ్లాను. వదిన ఏడో తరగతి చదివింది, గుండ్రంగా, ముచ్చటగా రాసేది. ఇప్పుడు వేళ్ల మధ్య పెన్ను నిలవలేదు. రెండుసార్లు కింద పడింది. కౌంటర్లో అబ్బాయి స్టాంపు ప్యాడు ముందుకు జరిపి, "సంతకం రాదా అమ్మా?" అన్నాడు. వదిన బొటనవేలు అద్దింది.

ఆ సాయంత్రం నేను రెండు గీతల కాపీ పుస్తకం కొనుక్కొచ్చాను. ఎడమచేత్తో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. మా పాప పక్కన కూర్చుని, "పెద్దమ్మా, ఇది వంకరయింది," అని చెప్పేది. వదిన చెరిపి మళ్లీ రాసేది. నెల్లాళ్లు అలా సాగింది. ఆ తరవాత కాలికి పుండు లేచింది, కూర్చోవడం కష్టమైంది. మరుసటి ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పోయింది. అన్న పక్కనే సమాధి చేశాం. పెట్టె సర్దుతుంటే కాపీ పుస్తకం దొరికింది. తన పేరు, దాని పక్కన అన్న పేరు, మూడో పేజీ సగం దాకా రాసుకుంది.