రుసైల్ నుంచి కబడ్డీ కోచ్

మా ఊరి కబడ్డీ జట్టు చాలా మ్యాచులు ఓడిపోయింది. కాళ్ళు బెణికి ఓడింది, అంపైర్‌తో పోట్లాడి ఓడింది, ఒకసారైతే పెళ్ళి భోజనం ఎక్కువై కూడా ఓడింది. కానీ మండలం సెమీఫైనల్ మాత్రం వీటిలో దేనివల్లా ఓడలేదు. దాన్ని నేనొక్కణ్ణే ఓడగొట్టాను. అదీ గ్రౌండులో దిగి కాదు. సముద్రానికి ఇవతల, ఒమాన్‌లో, రుసైల్ ఫ్యాక్టరీల పక్కనున్న మా కంపెనీ క్యాంపులో, బనీను మీద మంచమెక్కి కూచుని, చేతిలో ఖుబూసు రొట్టె ముక్కతో ఓడగొట్టాను. ఇంత దూరం నుంచి ఇంత నష్టం చేసినవాడు జిల్లాలో మరొకడు లేడని మా ఊళ్ళో ఇప్పటికీ ఒప్పుకుంటారు. మీరూ నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

ఒమాన్ రాకముందు ఆ జట్టుకు కెప్టెన్ని నేనే. కూతకు పోతే ఇద్దరిని ముట్టి గానీ తిరిగొచ్చేవాణ్ణి కాదు. ఈ మాట నేను తప్ప వేరే ఎవరూ చెప్పరు, అది వేరే సంగతి. ఇక్కడికొచ్చాక ఇల్లు గుర్తొచ్చేది. అది అందరికీ ఉండేదే. నాకు మాత్రం ఇంటికన్నా ఎక్కువగా ఆ గ్రౌండు గుర్తొచ్చేది. బడి వెనకాల ఎర్రమట్టి, సున్నంతో గీసిన గీత, మోచేయి గీరుకుపోయినప్పటి మంట. టైల్స్ ఫ్యాక్టరీలో డబ్బాలు ఎత్తుతూ నోట్లోనే కూత పెట్టేవాణ్ణి. పక్కన పనిచేసే బంగ్లాదేశ్ అతను నేనేదో జపం చేస్తున్నాననుకుని కొన్నాళ్ళు నాతో చాలా మర్యాదగా ఉన్నాడు.

నేనొచ్చేశాక జట్టు వరసగా ఓడిపోవడం మొదలుపెట్టింది. మా రూములో శుక్రవారం సెలవంతా ఆ ఓటముల మీద విచారణతోనే గడిచేది. ఊళ్ళో ఫొటో స్టూడియో ఆయన మ్యాచులన్నీ ఫోన్లో లైవ్ పెట్టేవాడు. మేం చూసి, ఓడి, పప్పు తింటూ కారణాలు వెతికేవాళ్ళం.

"మొత్తం కోచ్ తప్పేరా," అనేవాడు గంగారం కాక. ఆయనది మా పక్కూరే, కాంక్రీటు మేస్త్రీ. "పీఈటీ సారుకు బడిపిల్లలను వరుసల నిలవెట్టుడే వచ్చు. మ్యాచ్ ఆడిపిచ్చుడు యాడ వచ్చు?"

"కోచ్ ఏం జేస్తాడబ్బా, సగం మంది కుంటోళ్ళయిపాయ," అనేవాడు ఖాదర్ భాయ్. ఆయనది కడప, కంపెనీ బస్సు డ్రైవరు. మా ఊరు ఎప్పుడూ చూడలేదు. మాతో ఒకే రూములో ఉన్న పాపానికి మా జట్టు అభిమాని అయిపోయాడు. "ఆ సాయిలు మోకాలు సూడండి. గట్టిగా పట్టేటోడు బెంచీ మీద కూసుంటే మీకు ఇంగ పట్టు యాడుంటాది?"

"కాళ్ళు గాదు భాయ్, కూత," అనేవాణ్ణి నేను. "మా మహేశ్‌గాడు ఎప్పుడు జూసినా కుడి దిక్కే పోతడు. వాడు కుడికొస్తడని ఎదుటోళ్ళకే గాదు, వాళ్ళ బర్రెలకు గూడ తెలుసు."

"కడపోన్ని, నాకే తెల్సిపాయ గదా," అనేవాడు ఖాదర్ భాయ్.

మహేశ్ మా మేనత్త కొడుకు. నేనొచ్చేశాక జట్టులో ముఖ్యమైన రైడర్ వాడే. అందుకే వాణ్ణి తిట్టే హక్కు మొత్తం నాదేనని నా నమ్మకం.

ఇంత దరిద్రంలో కూడా ఆ ఏడు మావాళ్ళు ఎలాగో సెమీఫైనల్‌కు వచ్చారు. ఫైనల్ ఆ తర్వాతి నెలలో. సరిగ్గా ఆ నెలలోనే నాకు కంపెనీ లీవ్ ఇచ్చింది. అర్థమైంది కదా? సెమీఫైనల్ గెలిస్తే ఫైనల్ నాటికి నేను ఊళ్ళో ఉంటాను. ఆ గ్రౌండులో, ఆ జట్టులో, ఆ గీత మీద నేనుంటాను. ఎన్నో ఏళ్ళుగా నిద్రలో ఆడుతున్న ఆటను మేలుకుని ఆడొచ్చు. ఆ ఆశతో నాకు అన్నం సయించలేదు. అంత ఆశ ఉన్నవాడు నోరు మూసుకుని కూర్చోవాలి. నేను జట్టు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను.

"సారును పక్కన వెట్టుర్రి. ఆయనతోని సెమీఫైనల్ గెలువం."

ఆ గ్రూపులో సారు కూడా ఉన్నాడని మరిచిపోలేదు. వింటే సిగ్గుపడి ఆట మారుస్తాడనుకున్నాను. ఆయన విన్నాడు, సిగ్గుపడలేదు, అలిగాడు. "అట్లనా? అయితే ఆ దుబాయోళ్ళనే ఆడిపిచ్చుమనుర్రి," అని విజిల్ సాయిలు చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడట. మా ఊళ్ళో సముద్రం దాటినవాడు ఎక్కడున్నా దుబాయోడే. ఒమాన్ అని ఎన్నిసార్లు చెప్పినా, "అది దుబాయిల ఏ దిక్కు ఉంటది?" అని అడుగుతారు.

వెంటనే సాయిలు ఫోన్ చేశాడు. "అన్నా, సారు పోయిండు. ఇగ నువ్వే దిక్కు. నేను బెంచీ మీద ఫోన్ వట్టుకుని కూసుంట. నువ్వు చెప్పు, నేను మనోళ్ళకు ఒర్రి చెప్త."

ఆ క్షణంలో నేను ఉబ్బిపోయిన తీరు చూసి గంగారం కాక మంచం అవతలి అంచుకు జరిగాడు.

మ్యాచ్ మొదలైంది. నా ఫోన్లో లైవ్, ఖాదర్ భాయ్ ఫోన్లో సాయిలు. మహేశ్ కూతకు వెళ్ళాడు. వాడి అలవాటు ప్రకారం కుడికే. ఎడమవైపు మూల ఖాళీగా ఉంది. "ఎడమకు పొమ్మనురా! ఎడమకు!" అని అరిచాను. మహేశ్ వినలేదు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. తర్వాతి కూతలో మాత్రం ఎడమకు వెళ్ళి ఇద్దరిని ముట్టొచ్చాడు.

"ఆలస్యంగ ఎక్కింది వాని చెవికి," అన్నాను గర్వంగా.

అవతల సాయిలు పొంగిపోతున్నాడు. "అన్నా, నువ్వు ముందుగల్లనే చెప్తున్నవే! మహేశ్ ఇంక గీత దాటకముందే ఎడమ అన్నవు. నీకెట్ల తెలుస్తుందే?"

ఆ మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. ఎందుకొస్తుంది? నాలో ఏదో దివ్యదృష్టి ఉందని సాయిలు కనిపెట్టాడనుకున్నాను. అక్కణ్ణుంచి నన్ను ఆపడం ఎవరితరం కాలేదు. ముందుకు రమ్మన్నాను, వెనక్కి పొమ్మన్నాను, కూచోమన్నాను, లేవమన్నాను. కొన్ని తగిలాయి, కొన్ని తగల్లేదు. తగలనివాటికి మహేశ్‌ను తిట్టాను. తగిలినవాటికి గంగారం కాక చేత నా వీపు తట్టించుకున్నాను.

ఆట చివరికొచ్చేసరికి మావాళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. ఎదుటి జట్టు రైడర్, ఆరడుగుల మనిషి, మా వైపు వచ్చి అటూ ఇటూ ఊగుతున్నాడు. ముందున్నది మేమే, అనవసరంగా వాడి మీద పడి పాయింటు ఇవ్వడం ఎందుకు?

"ముట్టొద్దు! ఇడిసిపెట్టుర్రి! ఇడిసిపెట్టుమను సాయిలూ!" అని ప్రాణం పెట్టి అరిచాను. పక్క రూములో తమిళవాళ్ళు గోడ కొట్టారు.

ఫోన్లో సాయిలు కూడా అంతే గట్టిగా అరిచాడు. "ఇడిసిపెట్టుర్రి! అన్న ఇడిసిపెట్టుమంటుండు!" ఆ వెంటనే అటువైపు గ్రౌండంతా ఒకటే గోల. నా సలహాకు జనం జేజేలు కొడుతున్నారనుకున్నాను. తెరమీద మావాళ్ళు ముట్టలేదు, ఆరడుగుల మనిషి ఊరికే వెనక్కి వెళ్ళిపోయాడు.

"సూసినవా కాకా? కోచింగ్ అంటే ఇది," అన్నాను.

ఆ తర్వాత మావాళ్ళ కూత ఒకటి వట్టిగా పోయింది. మళ్ళీ అదే ఆరడుగుల మనిషి వచ్చాడు. చివరి కూత. ఈసారి మహేశ్ పాములా కిందికి జారి వాడి చీలమండ పట్టేశాడు. ఇంకొకడు నడుము, మరొకడు భుజం. ముగ్గురు కలిసి నేలకు అదిమేశారు. పట్టంటే అదీ! మేం ముగ్గురం మంచాల మీద గంతులేశాం. ఖాదర్ భాయ్ నన్ను ఎత్తుకున్నాడు. నేను గాల్లో ఉండగానే, తెరమీద ముగ్గురూ కలిసి వాణ్ణి జాగ్రత్తగా వదిలేశారు. ఆరడుగుల మనిషి ముందు ఆశ్చర్యపోయాడు. తర్వాత లేచి, ఒక్క అంగలో గీత దాటి వెళ్ళిపోయాడు. పట్టి వదిలిన ముగ్గురూ ఔట్. మ్యాచ్ అయిపోయింది.

ఖాదర్ భాయ్ నన్ను కింద పడేశాడు.

"ఏ బద్మాష్‌గాడురా ఇడువుమన్నది?" అని గంగారం కాక బొబ్బ పెట్టాడు. "ఎవడు జెప్పిండు ఇడువుమని?"

నేను ఖాదర్ భాయ్ ఫోన్ లాక్కున్నాను. "సాయిలూ! ఎవడ్రా ఇడువుమన్నది?"

 సాయిలు ఏడుపు గొంతుతో అన్నాడు. "నువ్వే గదనే."

ఆఖరికి అసలు సంగతి తేల్చింది ఖాదర్ భాయ్. "సాయిలూ, నువ్వోసారి చెయ్యి పైకెత్తు నాయనా," అన్నాడు. సాయిలు ఎత్తానన్నాడు. తెరమీద సాయిలు తల పట్టుకుని కూర్చునే ఉన్నాడు. మేం చూస్తూ ఉన్నాం. గంగారం కాక లేచి కుండలో నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. అప్పుడు లేచింది సాయిలు చెయ్యి.

"నీ ఫోన్లో లైవ్ నిమిషం ఆలస్యమబ్బా," అన్నాడు ఖాదర్ భాయ్ మెల్లగా. "నువ్వు సూసేదంతా అయిపోయిందే."

అయిపోయిన కూతకు నేను చెప్పిన సలహా తర్వాతి కూతకు అందుతూ వచ్చిందన్నమాట. దివ్యదృష్టి అదీ. ఆఖరి 'ఇడిసిపెట్టు' మాత్రం, మావాళ్ళు ఆ ఆరడుగుల మనిషిని అదిమిపట్టిన క్షణానికి సరిగ్గా అందింది. ఆ రాత్రి నవ్వు రాలేదు. నేను లేకుండానే అయిపోయినవాటిని చూసి, ఇప్పుడే జరుగుతున్నాయనుకుని, ఇన్నాళ్ళూ ఇక్కణ్ణుంచి అరుస్తూ ఉన్నాననిపించింది. మా ఊరి మీద అంత బెంగ నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

తర్వాతి నెల లీవులో వెళ్ళాను. ఫైనల్ వేరే ఊళ్ళవాళ్ళు ఆడుకున్నారు. మూడు రోజులు గ్రౌండు వైపు వెళ్ళలేదు. నాలుగో సాయంత్రం మహేశ్ వచ్చి, "నడువు బావా, ఎన్ని దినాలు దాసుకుంటవు?" అని బండెక్కించుకుని తీసుకుపోయాడు.

పీఈటీ సారు అలక మాని తిరిగొచ్చాడు. విజిల్ ఆయన మెడలోనే ఉంది. నన్ను చూసి, "రావయ్యా దుబాయి కోచ్. ఆనాడు గట్లెందుకు ఇడిసిపెట్టిచ్చినవయ్యా?" అన్నాడు. నేను తలొంచుకున్నాను. "సరే, ఆ చెప్పులిడిసి ఓ కూత పో. నోరేనా, కాళ్ళు గూడ ఉన్నయా చూద్దాం."

మట్టి కాలికి తగలగానే ఒళ్ళు జలదరించింది. కూత పెట్టాను. కుడికి వెళ్ళాను. అవును, నేను కూడా కుడికే! నాలుగడుగులు వేశానో లేదో మహేశ్ నా చీలమండ పట్టేశాడు. మిగతావాళ్ళంతా మీదపడ్డారు. నోట్లో మట్టి, వీపు మీద అయిదుగురి బరువు. ఊపిరాడడం లేదు.

గీత అవతల నుంచి సారు విజిల్ ఊది అరిచాడు. "ఇడిసిపెట్టుర్రి! దుబాయి నుంచి ఆర్డర్ వచ్చింది!"

జట్టంతా పగలబడి నవ్వింది. ఒక్కడూ పట్టు వదల్లేదు. అంత నవ్వుతూ కూడా అంత గట్టిగా ఎలా పట్టుకున్నారో నాకు తెలియదు. ఆ మట్టిలో పడి ఉండి, నా కళ్ళల్లో నీళ్ళు వస్తుంటే అవి దుమ్ముకే అని చెప్పాను.

మళ్ళీ రుసైల్‌కు వచ్చేశాను. ఇప్పటికీ శుక్రవారం లైవ్ చూస్తాం, గంగారం కాక ఇప్పటికీ కోచ్‌నే తిడతాడు. నేను మాత్రం ఒమాన్ సముద్రం సాక్షిగా, ఆ సున్నపు గీత సాక్షిగా, అభిమానులందరి ముందు ఇలా ప్రమాణం చేస్తున్నాను. ఫోన్లో కనబడే ఏ ఆటకూ ఇకమీదట నేను సలహా ఇవ్వను. రైడర్ కుడికి పోయినా, ఎడమకు పోయినా, ఏకంగా ఇంటికే పోయినా నోరెత్తను. ఇక మావాళ్ళు ఎవరినైనా గట్టిగా పట్టుకుంటే, విడిచిపెట్టమని ఈ జన్మలో అనను.