పద్నాలుగో అంతస్తులో ప్రెస్ డ్యూటీ

నార్సింగిలో రిపోర్ట్ చేసింది ఒక ఆదివారం పొద్దున ఏడింటికి. ముసురు పట్టింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి విప్పించాడు. కొలత పరికరం, టార్చి, నూనె సీసా, పాత బనియన్ గుడ్డలు. రిజిస్టర్‌లో ‘వచ్చిన పని’ అనే గడిలో ఏం రాయాలో తోచక ‘డ్యూటీ’ అని రాశాను. లిఫ్టు ఎక్కి పద్నాలుగో అంతస్తులో మేడమ్ ఫ్లాట్‌కు వెళ్లాను.

పదిహేడేళ్లు సైన్యంలో తుపాకులు బాగుచేసి హవల్దార్‌గా బయటికొచ్చాను. చివరి నాలుగేళ్లు యూనిట్ షూటింగ్ జట్టుకు తూటాలు కట్టింది నేనే. మా శేరిలింగంపల్లిలో మంచుకొండల కథలు చెప్పమంటారు. నేను ఈ పదకొండు ఆదివారాల గురించి చెబుతాను. ఇదేం యుద్ధమని నవ్వుతారు. నవ్వనీ.

మేడమ్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టీం లీడ్. రైఫిల్ షూటర్ కూడా. లైసెన్సు, ఇంట్లో తూటాలు కట్టుకునే అనుమతి కాగితం, రెండింటికీ ఫ్రేములు కట్టించి గోడకు తగిలించింది. రాష్ట్ర జట్టు ఎంపిక పది వారాల్లో ఉంది. కొన్న తూటాలు ఒక్కోటి ఒక్కోలా పోతున్నాయని ఆమె బాధ. తూటాలు కట్టే చేతియంత్రం, మంచి ప్రెస్ ఒకటి చూసిపెట్టి పని నేర్పడం నాకిచ్చిన హుకుం.

ల్యాప్‌టాప్‌లో రెండు ప్రెస్‌లు చూపించింది. ఒకటి పిడి లాగిన ప్రతిసారీ ఒక తయారైన తూటాను రాలుస్తుంది. రెండోదానిలో ఒకసారికి ఒక్క ఖోకా, ఒక్క పని. కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని మేం ఖోకా అంటాం.

“మొదటిది ఫాస్ట్ కదండీ?”

“ఫాస్టే మేడమ్. తప్పు గూడ గంతే ఫాస్ట్‌గ అయితది. ఒక్కటొక్కటే చేసుకుందాం. దేనికేం చేసినమో కండ్లకు కనవడాలె.”

రెండోదే కొన్నాం. కంప్యూటర్ బల్లకు బిగిస్తే పిడి లాగినప్పుడల్లా బల్లే లేచొచ్చింది. పాత తలుపుచెక్క తెప్పించి గోడకు బోల్టులు వేశాను. అప్పుడు కదల్లేదు.

పద్ధతి కూడా నేనే పెట్టాను. తూకం కదులుతుంది కాబట్టి ఫ్యాన్ బంద్. ఫోన్ బయటి గదిలో ఉండాలి. చిల్లుల చెక్కలో యాభై ఖోకాలు నిలబెట్టి, ఒక్కోదానికీ తుపాకిమందు తూచి పోయాలి. తర్వాత టార్చి వేసి ప్రతిదానిలోకీ చూడాలి. ఆ తర్వాతే ప్రెస్‌తో గుండు అమర్చాలి. టార్చి వేసి చూడనిదే గుండు లేదని కాగితం రాసి గోడకంటించాను. ఆ అక్షరాలు నావే. సిగ్గుగా ఉంది కాబట్టే చెబుతున్నాను.

తొమ్మిదో ఆదివారం మేడమ్ ఫోన్‌లో ఆఫీసు మీటింగ్‌లో ఉంది. నేనొక్కణ్నే కూర్చున్నాను. ఇరవై మూడు ఖోకాల్లో మందు పోశాను. తలుపు తెరుచుకుంది. మేడమ్ మామగారు, కాకినాడ వైపు మనిషి, రిటైరైన కల్నల్ సాబ్. తనే టీ పట్టుకొచ్చారు.

లేచాను. తలమీద టోపీ లేదు గనక సెల్యూట్‌కు చెయ్యెత్తలేదు. మడమలు కలిపి సావధాన్‌లో నిలబడ్డాను.

“జై హింద్ సాబ్.”

“కూర్చోవయ్యా, ఇదేం పెరేడా?”

కూర్చోలేదు. ఆఫీసర్ నిలబడి ఉంటే నా మోకాళ్లు వంగవు. నిలబడే టీ తాగాను. ఆయన తన పాత పల్టన్ గురించి పది నిమిషాలు మాట్లాడి, కూర్చుని పని కానివ్వమని హుకుం వేసి గుమ్మం దగ్గరికి జరిగారు. తిరిగి కూర్చున్నాక నా చెయ్యి ఇరవై అయిదో ఖోకా దగ్గర మొదలుపెట్టింది. ఇరవై నాలుగోది ఖాళీగా ఉండిపోయింది.

అప్పుడైనా టార్చి కాపాడేది. కానీ సాబ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. కళ్లజోడు పెట్టుకుని ఖోకాల్లోకి తొంగిచూస్తే, వీడికి చేతి మీద నమ్మకం పోయింది అనుకుంటారేమో అనిపించింది. టార్చి తియ్యలేదు.

మూడింటికి నగరం అంచున ఉన్న రేంజిలో ఉన్నాం. వాన తెరిపిచ్చింది. మేడమ్ బోర్లా పడుకుంది. నేను వెనక మోకాళ్లమీద ఉన్నాను. వాకీటాకీలో సేఫ్టీ ఆఫీసర్ గొంతు: “ఫైరింగ్ షురూ.”

ఏడు బాగా పేలాయి. ఎనిమిదోసారి ఆమె భుజం కదల్లేదు. మందు లేని తూటాకు భుజాన్ని వెనక్కి తన్నే ధక్కా ఉండదు. ఖోకా అడుగున నిప్పు రాజేసే చిన్న టోపీ మాత్రం పేలి, గుండును రైఫిల్ గొట్టం మధ్యదాకా తోసి ఆగిపోతుంది. దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం పగులుతుంది. మేడమ్ అదేమీ ఎరగదు. తూటా పేలలేదనుకుని రైఫిల్ బోల్టు వెనక్కి లాగి, తర్వాతిది చేతిలోకి తీసుకుంది.

అరిచాను. చెవులకు మఫ్‌లు ఉన్నాయి, వినపడలేదు. మడమ పట్టుకుని లాగాను.

“లేన్ నాలుగు, ఏందది?” వాకీటాకీలో సేఫ్టీ ఆఫీసర్.

“ఫైరింగ్ బంద్ చేయుండ్రి సార్! గుండు గొట్టంల ఇరికింది.”

ఆ సాయంత్రం ఇంట్లో కల్నల్ సాబ్ అన్నారు, “ఈ వానలకి మందు చెమ్మగిల్లిందేమోనయ్యా.”

తప్పించుకోవడానికి దారి దొరికింది. ఒక్క క్షణం అటే పోబుద్ధయింది కూడా.

“కాదు సాబ్. మందు పొయ్యనే లే. మీరొస్తె లేసిన, ఒకటి దాటిపోయింది. టార్చి గూడ చూడలే. తప్పు నాదే.”

 మేడమ్ అడిగింది, “ఇంకోటి పేల్చి ఉంటే?”

“మొఖం మీదికి పగిలేది మేడమ్.”

ఆమె లోపలికి వెళ్లిపోయింది. నా పని అయిపోయిందనుకుని సంచి సర్దుకున్నాను. మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడింది. “వచ్చే ఆదివారం ఏడింటికే రండి. టార్చి నేను పట్టుకుంటాను.”

పదో ఆదివారం సాబ్ టీ పట్టుకొచ్చారు. లోపలికి రాలేదు. నేను యాభై పూర్తిచేశాక మేడమ్ టార్చి ఆర్పేదాకా గుమ్మం బయటే నిలబడ్డారు. టీ చల్లారిపోయింది. అంత చల్లని టీ అంత ఇష్టంగా ఎప్పుడూ తాగలేదు.

ఆమె జట్టుకు ఎంపికైంది. పదకొండో ఆదివారం నేను సంచి తీసుకుని శేరిలింగంపల్లి వచ్చేశాను. ఇప్పుడు ఆ ప్రెస్ ఆమే నడుపుతుంది.

నాకు మాత్రం ఒకటి మిగిలిపోయింది. ఆ తొమ్మిదో ఆదివారం రేంజిలో మడమ లాగగానే ఆమె వెనక్కి తిరిగింది. నుదుటి మీద చెమట, ఒక వెంట్రుక పాయ. రెండు వేళ్ల మధ్య నేను కట్టిన ఇంకో తూటా. మఫ్ ఒకటి పక్కకు జరిపి, నవ్వుతూ అడిగింది, “ఏమైందండీ?”