కార్డు మీద కట్టిన చందా

2023 వేసవి. తెనాలిలో మా బ్యాంకు బ్రాంచి ఒక మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉండేది. నేనక్కడ కార్డుల సెక్షన్ చూసేదాన్ని. కొత్త కార్డులు ఇవ్వడం కన్నా, ఇచ్చిన కార్డుల బిల్లులు పట్టుకుని వచ్చేవాళ్ళకి జవాబు చెప్పడమే అక్కడ పెద్ద పని. అందరిదీ దాదాపు ఒకటే మాట: "నేనింత వాడలేదండి." వాడిన దాని మీద ఏదో ఫీజు పడి ఉంటుంది. అదేంటో విడమరిచి చెప్తే సగం కోపం తగ్గుతుంది. మిగతా సగం మేం పడాలి.

కరుణ గారు మాత్రం కోపంగా రాలేదు. మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుని, చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, నా ఎదురుగా నెమ్మదిగా కూర్చున్నారు. గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. పెన్షన్ మా దగ్గరే. ఆ పెన్షన్ ఖాతా చూసే మావాళ్ళు ఆవిడకి క్రెడిట్ కార్డు కూడా అంటగట్టారు.

"డిస్ప్యూట్ అని ఒకటి రాయాలంటమ్మా. మావాళ్ళు చెప్పారు. ఆ కాగితం ఇస్తావా?" అన్నారు.

డిస్ప్యూట్ అంటే, ఫలానా ఖర్చు నాది కాదనో, ఇందులో మోసం ఉందనో ఖాతాదారు రాసిచ్చే ఫిర్యాదు. అది రాశాక విచారణ మొదలవుతుంది, అవతలి మనిషి పేరు అందులోకి వస్తుంది. అందుకని కాగితం ఇచ్చేముందు కథంతా అడగడం నాకు అలవాటు.

"ఎవరి మీద రాస్తారండి?"

"విమల అని, నా ఫ్రెండే," అన్నారు.

విమల గారిది రేపల్లె. ఇద్దరూ నర్సింగ్ ట్రైనింగులో ఒకే బ్యాచి, హాస్టల్లో ఒకే గది. వాళ్ళకి పాఠం చెప్పిన సలోమి మేడమ్ బాపట్లలో ఉంటున్నారు, పెళ్ళి చేసుకోలేదు. ఆ ఏడు బాత్రూములో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషనయ్యాక కూడా నడక రాలేదు. చర్చికి వెళ్ళలేకపోతున్నానని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని తెలిసి, బ్యాటరీతో నడిచే వీల్‌చెయిర్ ఒకటి కొనిద్దామని విమల గారు బ్యాచి వాళ్ళందరికీ చెప్పారు. వాళ్ళేమో తలా ఒక ఊళ్ళో ఉన్నారు. ఒకావిడ కువైట్‌లో, ఇద్దరు హైదరాబాదులో, కొంతమంది చీరాల వైపు. అందుకని విమల గారు మేనకోడలి చేత ఇంటర్నెట్లో చందా పేజీ తెరిపించారు. బహుమతికి అందరూ కలిసి డబ్బులు వేసుకునే వెబ్‌సైట్లు ఉంటాయి. ఎవరెంత వేశారో పేర్లతో సహా అందరికీ కనపడుతుంది. చేతికి ఇచ్చిపుచ్చుకుంటే రేపు ఎవరైనా ఏమైనా అనుకోవచ్చు, ఇదైతే ఏ దాపరికమూ ఉండదని విమల గారే గ్రూపులో రాశారట.

"నెలాఖరమ్మా అప్పుడు. పెన్షన్ ఇంకా పడలేదు," అన్నారు కరుణ గారు. "మేడమ్‌కి ఇచ్చేదాంట్లో నేను ఆఖర్న ఉండకూడదనిపించింది. కార్డు ఉంది కదా అని నాలుగు వేలు కొట్టాను. పేజీలో నా పేరు పక్కన నాలుగు వేలే పడింది. బిల్లు చూస్తే అయిదు వేలకి దగ్గర్లో ఉంది. రసీదులో విమల పేరుంది. మరి మిగతా డబ్బు ఎక్కడికి పోయినట్టు?"

బిల్లు తీసుకుని చూశాను. అందులో ఒక్క ఖర్చు కాదు, వరసగా నాలుగైదు పద్దులున్నాయి. ఆవిడ చివర్న ఉన్న మొత్తమే చూశారు. మొదటిది కన్వీనియెన్స్ ఫీజు. కార్డుతో కట్టేవాళ్ళ దగ్గర వెబ్‌సైటు తన ఖర్చు కింద కొంత కలుపుకుంటుంది, దానిమీద జీఎస్టీ. అది నూటపద్దెనిమిది రూపాయలు. ఫోన్‌పే లాంటి వాటితో కట్టినవాళ్ళకి అది పడలేదు. రెండోది అసలుది, క్యాష్ అడ్వాన్స్ ఫీజు. ప్రతి వ్యాపారానికీ కార్డు కంపెనీలు మర్చంట్ కేటగిరీ కోడ్ అని ఒక నంబరు ఇస్తాయి. కిరాణాకి ఒకటి, ఆసుపత్రికి ఒకటి. ఆ చందా వెబ్‌సైటు డబ్బును ముందు ఒక వాలెట్‌లో వేసి, అక్కడినుంచి పేజీ తెరిచినవాళ్ళకి ఇస్తుంది. దాంతో మా కంప్యూటరు దాన్ని వస్తువు కొన్నట్టు కాకుండా, కార్డు మీద నగదు తీసినట్టు లెక్క కట్టింది. నగదు తీస్తే తక్కువలో తక్కువ అయిదొందలు ఫీజు. పైగా వస్తువు కొంటే ఉండే గడువు నగదుకి ఉండదు, తీసిన రోజునుంచే వడ్డీ.

ఇదంతా ఒక తెల్లకాగితం మీద రాసి చూపించాను. ఆవిడ రోగుల చార్టులు చూసిన మనిషి, తొందరగానే అర్థం చేసుకున్నారు.

"అయితే విమల తీసుకోలేదా?"

"ఆవిడ చేతికి ఒక్క రూపాయి ఎక్కువ వెళ్ళలేదండి. వెబ్‌సైటు కొంత తీసుకుంది, మిగతాది మేమే తీసుకున్నాం."

కరుణ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు అప్పుడు అనుమానం వచ్చింది.

"ఈ సంగతి ఎవరి దగ్గరైనా అన్నారా అండి?"

ఫోను తీసి నా ముందు పెట్టారు. బ్యాచి వాళ్ళ వాట్సాప్ గ్రూపు. బిల్లు ఫొటో, పేజీ ఫొటో పక్కపక్కన పెట్టి, కింద మర్యాదగానే రాశారు: "విమలా, నేను కట్టింది ఇది, పేజీలో ఉన్నది ఇది. తేడా ఏంటో కాస్త చెప్పు." దాని కింద ఇంకొకావిడ, "నేనూ కార్డుతోనే కట్టాను, నాకూ ఎక్కువే పోయింది" అని రాసింది. మూడో ఆవిడ, "ఇలాంటివాటిలో ముందే లెక్క చెప్తే బాగుంటుంది" అంది. విమల గారు ఒక్కటే రాశారు: "చూస్తాను." ఆ సాయంత్రం ఇద్దరికీ, పోయిందన్న డబ్బు ఎవరిది వాళ్ళకి పంపించేసి, గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

"తప్పు లేకపోతే ఎందుకు పంపిస్తుంది అనుకున్నానమ్మా. డబ్బు వచ్చినా లెక్క తేలాలని మావాళ్ళు ఇక్కడికి పంపారు," అన్నారు కరుణ గారు. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు.

"ఆవిడ సొంత డబ్బు పంపారండి."

డిస్ప్యూట్ కాగితం అడగలేదు. నా టేబులు దగ్గరే కూర్చుని గ్రూపులో ఇంకో మెసేజి రాశారు. తప్పు తనదేననీ, ఫీజులు బ్యాంకువీ వెబ్‌సైటువీ అనీ, విమల నిప్పులాంటి మనిషనీ. అందరూ దండాలు పెట్టే బొమ్మలు పంపారు. ముందు లెక్క చెప్పమన్న ఆవిడ, "పోనీలే, తేలిపోయిందిగా" అంది. కానీ అది చదవాల్సిన మనిషి ఆ గ్రూపులో లేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

"రేపల్లె వెళ్తానమ్మా. కానీ ఇదంతా దానికి నేను సరిగ్గా చెప్పలేనేమో," అన్నారు.

నా ఇల్లు రేపల్లెలోనే. రోజూ సాయంత్రం ప్యాసింజర్‌లో వెళ్తాను. ఇది బ్యాంకు పని కాదు, అయినా రమ్మన్నాను. వేమూరు దాటాక ఆవిడ, ట్రైనింగు రోజుల్లో తనకి టైఫాయిడ్ వస్తే విమల గారు తన డ్యూటీ కూడా కలిపి ఎలా చేశారో చెప్పడం మొదలుపెట్టారు. భట్టిప్రోలు దగ్గర మధ్యలోనే ఆపేశారు.

విమల గారు గుమ్మంలో మమ్మల్ని చూసి, పక్కకి జరిగి, "రండి, కూర్చోండి," అన్నారు. నన్ను అన్నారేమో అనుకున్నాను. టీ తెచ్చి కప్పు అందిస్తూ, "తీసుకోండి కరుణ గారూ," అన్నారు.

కరుణ గారు కప్పు కింద పెట్టేశారు. "అదేంటే, నన్ను గారూ అంటావేంటే?" అన్నారు.

నేను బిల్లు పెట్టి మళ్ళీ అంతా వివరించాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఒకటి రెండు ప్రశ్నలు కూడా వేశారు. కరుణ గారు ఆ డబ్బు కవరులో పెట్టి ఇస్తే, వద్దనలేదు, తీసుకుని పక్కన పెట్టారు.

"నీది కాని తప్పుకి ఎందుకు పంపావే?"

"నాకూ అర్థం కాలేదండి. పేజీలో నాలుగు వేలే ఉంది, మీ దగ్గర ఎక్కువ పోయింది. మధ్యలో ఉన్నది నేనొక్కదాన్నే. మేడమ్ పేరు మీద గొడవ జరగకూడదని పంపేశాను."

"నన్ను క్షమించవే."

"మీ బ్యాంకు అమ్మాయి చెప్పింది తెలిసిందండి. డబ్బు సంగతి తేలిపోయింది. నేనడిగేది వేరే. గ్రూపులో పెట్టేముందు నాకొక్క ఫోన్ చెయ్యాలనిపించలేదా?"

కరుణ గారు అబద్ధం చెప్పలేదు. "అనిపించింది. నిన్నే అడిగితే బాధపడతావేమోనని..."

"అందుకని అందరి ముందూ అడిగారా?"

ఆ మాట గట్టిగా అనలేదు. అడుగుతున్నట్టే అడిగారు. కాసేపటికి లేచాం. గేటు దాకా వచ్చి సాగనంపారు విమల గారు. బాపట్లలో కుర్చీ ఇచ్చే రోజున రమ్మని కరుణ గారు బతిమాలితే, "చూస్తానండి," అన్నారు.

కరుణ గారికి కార్డు కొత్త, ఇలా జరగడం మొదటిసారి కాబట్టి, క్యాష్ అడ్వాన్స్ ఫీజు వెనక్కి వెయ్యమని మా కార్డుల విభాగానికి రాశాను. వేశారు. వడ్డీ, కన్వీనియెన్స్ ఫీజు రాలేదు. ఆ సంగతి చెప్దామని ఫోన్ చేస్తే, "అలాగేనమ్మా," అని ఊరుకున్నారు. ఇంత కష్టపడి ఫీజు వెనక్కి తెప్పించి, అంత నిరుత్సాహంగా ఫోను పెట్టేసిన రోజు నా సర్వీసులో ఇంకొకటి లేదు.

బాపట్ల సంగతి ఆవిడే తర్వాత బ్రాంచికి వచ్చినప్పుడు చెప్పారు. పాస్టరు గారు ప్రార్థన చేశారట. కుర్చీలో కూర్చోబెడితే సలోమి మేడమ్ చిన్నపిల్లలా బటన్లు నొక్కి చూశారట. అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసి, "విమల ఏదే? నెలకోసారి వచ్చి నా మందులు సర్ది వెళ్ళేది అదే కదా," అన్నారట. చివరికి కరుణ గారే, "దానికి ఒంట్లో బాగాలేదు మేడమ్," అని చెప్పారట.

"రోగులకి ధైర్యం చెప్పడానికి ఎన్నో అబద్ధాలు ఆడానమ్మా. ఇది ఆడినందుకు మాత్రం సిగ్గేసింది," అన్నారు నాతో.

తర్వాత వారం విమల గారు ఒక్కరే బాపట్ల వెళ్ళి, మేడమ్‌ని ఆ కుర్చీలో చర్చికి తీసుకెళ్ళారు. ఎవరో ఫొటో పంపితే కరుణ గారు నాకు చూపించారు. మేడమ్ నవ్వుతున్నారు. పక్కన విమల గారు ఎండకి కళ్ళు చిట్లించి నిలబడ్డారు. ఆ ఫొటోని కరుణ గారు వేళ్ళతో పెద్దది చేసి, విమల గారి ముఖం దగ్గర ఆపి, చాలాసేపు అలాగే చూశారు. కార్డు రద్దు చెయ్యమన్నారు. చేశాను. అంతకుమించి నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

ఇప్పటికీ ఆదివారాలు విమల గారికి ఫోన్ చేస్తారట. ఆవిడ ఎత్తుతారట. బాగున్నావా అంటే, బాగున్నానండి అంటారట. ఆ 'అండి' మాత్రం పోలేదట.

ఆ తర్వాత నేను పని చేసే పద్ధతి కొంచెం మారింది. కార్డు ఇచ్చేటప్పుడే, వాలెట్లకీ చందాలకీ దీన్ని వాడొద్దనీ, వాడితే నగదు కింద పడొచ్చనీ చెప్తాను. టార్గెట్లు చూసే పైవాళ్ళకి అది నచ్చదు. ఇక ఎవరైనా బిల్లు పట్టుకుని వచ్చి, ఫలానావాళ్ళు తినేశారండీ అంటే, లెక్క తర్వాత చూద్దామంటాను. ఆ పేరు ఇంకెవరి దగ్గరైనా అన్నారా అని ముందు అడుగుతాను. అనలేదంటే నా ప్రాణం కుదుటపడుతుంది. అన్నామంటే, బిల్లు పక్కన పెట్టి, నా ఫోను వాళ్ళ వైపు జరిపి, ముందు ఆ మనిషితో మాట్లాడమంటాను. కొందరు విసుక్కుంటారు. కొందరు నంబరు నొక్కుతారు. వాళ్ళు మాట్లాడినంతసేపూ నేను లేచి పక్క కౌంటరు దగ్గర నిలబడతాను.